సామాజిక మాధ్యమాలలో గ్రంథాలయం – నగరంలోని తెలుగు పాఠకుడు
(జాతీయ గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా బెంగళూరులో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా నవంబరు 14 నుండి 20 వరకు దేశమంతటా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతున్నవి. ఈ వారంలో పుస్తకం గొప్పతనాన్ని గురించి మాట్లాడడం ఆనవాయితీ. ఈ సభలో ఉన్నవారికి ఆ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కనుక నేను మరొక విషయాన్ని ఎత్తుకుంటున్నాను. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ వంటి సామాజిక మాధ్యమాల ద్వారా గ్రంథాలయాలు నేడు తమ పాఠకులను ఎట్లా చేరుకుంటున్నవి? అందులో నిజమైన ప్రయోజనం ఏది, ఆర్భాటం ఏది? పరాయి రాష్ట్రపు నగరంలో ఉన్న తెలుగువారికి దీనితో ఏమి పని? ఈ మూడు ప్రశ్నలకు నాకు తోచిన సమాధానాలను మీ ముందు ఉంచుతాను.

మూడవ ప్రశ్నకు సమాధానం ముందే చెబుతాను. బెంగళూరు వంటి బహుభాషా నగరంలో, ఒక శాఖా గ్రంథాలయంలో ఏ భాషా పుస్తకాలకు ఎంత చోటు దొరుకుతుందన్నది చాలావరకు అడిగేవారిని బట్టి ఉంటుంది. ఒక అరలోని పుస్తకాలను ఏళ్ల తరబడి ఎవరూ ఇంటికి తీసుకుపోకపోతే, తరువాతి కొనుగోలు జాబితాలో ఆ భాష వెనుకకు జరుగుతుంది. ఇంకొంత కాలానికి ఆ చోటు పోటీ పరీక్షల పుస్తకాలకు అవసరమవుతుంది. తెలుగు పుస్తకాలను తీసివేయమని ఎవరూ చెప్పి ఉండరు. ఉంచమని కూడా ఎవరూ చెప్పి ఉండరు. పాఠకుల మౌనాన్ని గ్రంథాలయం 'అక్కరలేదు' అనే అర్థంలోనే తీసుకుంటుంది, తీసుకోక తప్పదు కూడా. ఆ మౌనాన్ని తొలగించడానికి నేడు మన చేతిలో ఉన్న సులభమైన సాధనం సామాజిక మాధ్యమం. ఈ ప్రసంగానికి కారణం అదే.

పాఠకుని వద్దకు వెళ్లడం పాత ఆచారమే

గ్రంథాలయం గడప దాటి పాఠకుని దగ్గరకు వెళ్లడం కొత్త సంగతి అనుకుంటే మన చరిత్రను మనమే మరచినట్లు. తెలుగునాట గ్రంథాలయం ఒక ఉద్యమంగా నడిచినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఆ ఉద్యమానికి జీవితాన్ని ధారపోసినారు. ఆ మరుసటి ఏట మొదలైన 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక ఊరూరి గ్రంథాలయాలను ఒకదానితో ఒకటి మాట్లాడించినది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య పడవలో గ్రంథాలయాన్ని నడిపినారు. అంతకు నాలుగేళ్ల ముందు, 1931లో, తమిళనాట మన్నార్గుడి ప్రాంతంలో ఎడ్లబండి మీద పుస్తకాలు పల్లెలకు బయలుదేరినవి. జనం ఏ దారిలో ఉంటే ఆ దారిలోకి గ్రంథాలయం వెళ్లినది. ఆనాడు ఆ దారి కాలువ, బండిబాట. నేడు జనం చూపు ఎక్కువసేపు నిలిచే చోటు చేతిలోని ఫోను. గ్రంథాలయం అక్కడికి రావడంలో వింత లేదు.

మరొక పూర్వోదాహరణ మనవంటి వారికి మరింత దగ్గరిది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించినప్పుడు ఆ రాజ్యంలో పాలనా భాష ఉర్దూ. చుట్టూ వేరే భాష రాజ్యమేలుతున్న నగరంలో తెలుగువారు ఎవరితోను తగవు పడకుండా తమ భాషకు ఒక చదువుల గదిని ఏర్పరచుకున్నారు. పొరుగు భాషను గౌరవిస్తూనే సొంత భాషను నిలుపుకోవచ్చునని ఆ సంస్థ చూపినది.

కొలబద్ద మన ఊరిలోనే ఉన్నది

సామాజిక మాధ్యమంలో గ్రంథాలయం చేసే పని మంచిదా కాదా అని తేల్చడానికి ఒక కొలబద్ద కావాలి. అది మనకు దూరంలో లేదు. భారతీయ గ్రంథాలయ శాస్త్రానికి పితామహులైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు తమ చివరి సంవత్సరాలను ఈ నగరంలోనే గడిపినారు. 1962లో ఇక్కడ డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పినారు. 1972లో ఇక్కడే కన్నుమూసినారు. 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రాలు ప్రపంచమంతటా గ్రంథాలయ విద్యార్థులకు తొలి పాఠం. వాటి సారాంశం ఇది: పుస్తకాలు ఉన్నది వాడుక కోసం, ప్రతి పాఠకునికి అతని పుస్తకం దొరకాలి, ప్రతి పుస్తకానికి దాని పాఠకుడు దొరకాలి, పాఠకుని కాలం వృథా కాకూడదు, గ్రంథాలయం పెరుగుతూ ఉండే ప్రాణి.

గ్రంథాలయం ఒక పోస్టు పెట్టినప్పుడు ఈ అయిదింటిలో దేనికి అది పనికివచ్చినదని అడగాలి. ఎంతమంది 'లైక్' కొట్టినారన్నది రెండవ లెక్క. ముఖ్య అతిథికి శాలువ కప్పుతున్న పది ఫొటోలు పెడితే అయిదు సూత్రాలలో ఏ ఒక్కదానికి మేలు జరగదు. 'ఈ ఆదివారం గ్రంథాలయం తెరవబడదు' అన్న ఒక్క వాక్యం రెండు బస్సులు మారి వచ్చే వృద్ధునికి సగం రోజును మిగులుస్తుంది.

మూడు మెట్లు: ప్రకటన, సంభాషణ, సహకారం

గ్రంథాలయాలు సామాజిక మాధ్యమాలను వాడుతున్న తీరును గమనిస్తే మూడు మెట్లు కనబడుతున్నవి.

మొదటి మెట్టు ప్రకటన. పని వేళలు, సెలవులు, కొత్తగా వచ్చిన పుస్తకాలు, పిల్లల కార్యక్రమాలు, సభ్యత్వానికి కావలసిన పత్రాలు ఇందులోకి వస్తవి. ఇది చిన్న పనిగా కనబడుతుంది గాని కష్టకాలంలో దీని విలువ తెలుస్తుంది. 2023 అక్టోబరు చివరిలో లండనులోని బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగినది. వెబ్‌సైటు, గ్రంథాల జాబితా, ఇంకా అనేక సేవలు ఒక్కసారిగా అందకుండా పోయినవి. ప్రధాన జాబితాను పాఠకులు తిరిగి వెతుక్కోగలిగే సరికి 2024 జనవరి వచ్చినది. అంత పెద్ద సంస్థ ఆ తొలి రోజులలో, ఏ గది తెరచి ఉన్నదో, ఏ సేవ ఆగినదో పాఠకులకు తెలుపడానికి సామాజిక మాధ్యమాన్నే ఆశ్రయించినది. అప్పటికే పాఠకులతో ఆ మార్గంలో సంబంధం ఉన్నది కనుక అది సాధ్యమైనది. మాట్లాడే దారిని మామూలు రోజులలోనే వేసి ఉంచుకోవాలన్నది దీని పాఠం.

రెండవ మెట్టు సంభాషణ. స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల గ్రంథాలయానికి మూడు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. అది 1683లో మొదలైనది. ఆ దీవుల జనాభా ఇరవై వేల పైచిలుకు మాత్రమే. అయినా ట్విట్టర్‌లో ఆ గ్రంథాలయాన్ని అనుసరించేవారి సంఖ్య అక్కడి జనాభాను ఎన్నో రెట్లు మించినది. కారణం డబ్బు ఖర్చు కాదు. అక్కడి సిబ్బంది పోస్టులను అధికార ప్రకటనల వలె వ్రాయలేదు. పొరుగువారితో అరుగు మీద కూర్చుని హాస్యమాడినట్లు వ్రాసినారు. పాఠకుడు ప్రశ్న వేస్తే జవాబు వచ్చేది, చమత్కరిస్తే తిరుగు చమత్కారం వచ్చేది. అమెరికాలోని మిల్వాకీ నగర గ్రంథాలయం కూడా తన సిబ్బందే నటించిన పొట్టి హాస్య వీడియోలతో పేరు పొందినది. ఆ వీడియోలలో పుస్తకం, సభ్యత్వపు కార్డు, చదువుల గది ఏదో ఒక రూపంలో ఉండి తీరుతవి. హాస్యం చివరకు గ్రంథాలయం తలుపు వద్దకే తీసుకువస్తుంది.

ఇదే మెట్టు మీద న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీ 2018 ఆగస్టులో ఒక ప్రయోగం చేసినది. ఇన్‌స్టాగ్రామ్‌లో రోజుకు రోజు మాయమయ్యే 'స్టోరీ'ల వరుసలో ఒక నవలను మొత్తంగా పుటలు పుటలుగా పెట్టినది. మొదటిది లూయిస్ కారల్ వ్రాసిన ఆలిస్ కథ. బొటనవేలు తెర మీద ఆనించి ఉంచితే పుట నిలుస్తుంది, ఎత్తితే తరువాతి పుట వస్తుంది. కాలక్షేపానికి తెరను జరుపుకుంటూ పోయే వ్రేలిని చదువు కోసం నిలిపినది ఆ ఏర్పాటు. ఎంచుకున్నవి గ్రంథస్వామ్యం తీరిన పాత రచనలు కనుక ఎవరి హక్కుకు భంగం లేదు.

మూడవ మెట్టు సహకారం. ఇక్కడ పాఠకుడు గ్రంథాలయానికి తిరిగి ఏదో ఇస్తాడు. 2008 జనవరిలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన వద్ద ఉన్న పాత ఛాయాచిత్రాలలో సుమారు మూడు వేలను 'ఫ్లికర్' అనే ఫొటోల వేదికలో ఉంచి, వీటి గురించి మీకు తెలిసినది వ్రాయమని ప్రజలను కోరినది. ఫొటోలోని వీధి ఏదో, ఆ భవనం ఇప్పుడు ఎట్లా ఉన్నదో, ఆ ముఖం ఎవరిదో జనం వ్రాసినారు. ఆ సమాచారాన్ని సిబ్బంది సరిచూసి, నిలిచినవాటిని తమ జాబితాలో చేర్చుకున్నారు. పండితులకు అందని వివరం ఒక మనుమరాలి జ్ఞాపకంలో ఉండవచ్చు.

ఈ మూడవ మెట్టు మన నగరానికి ఎంత తగినదో ఆలోచించండి. బెంగళూరు పేటలలో తరాలుగా వ్యాపారం చేసిన తెలుగు కుటుంబాలు ఉన్నవి. చిత్తూరు, అనంతపురం, కర్నూలు వైపునుండి వచ్చి ఈ నగరపు మేడలను కట్టిన కూలీలు ఉన్నారు. వారి ఇళ్లలో పెళ్లి ఫొటోలు, అంగడి లెక్కల పుస్తకాలు, చేతివ్రాత పాటల నోటు పుస్తకాలు ఉన్నవి. వాటి ఛాయలను యజమానుల అనుమతితో వార్డు గ్రంథాలయం సేకరించి, 'ఈ వీధి ఏది, ఈ మనిషి ఎవరు?' అని కన్నడంలోను, తెలుగులోను అడిగితే, నగర చరిత్రలో మన అధ్యాయం మన నోటితోనే చేరుతుంది.

కబ్బన్ పార్కు చెప్పే పాఠం

ఇంత దూరపు ఉదాహరణలు ఎందుకు, మన ఊరిలోనే ఒకటి ఉన్నది. కబ్బన్ పార్కులో శనివారాలు ఉదయం చాపలు పరచుకుని, ఎవరి పుస్తకం వారు పట్టుకుని, మాటామంతీ లేకుండా చదువుకునేవారిని మీలో చాలామంది చూసి ఉంటారు. 'కబ్బన్ రీడ్స్' అని పిలువబడే ఈ సమావేశం 2023 తొలి రోజులనుండి పెరిగినది. దానికి రుసుము లేదు, సభ్యత్వం లేదు. ఇన్‌స్టాగ్రామ్ ద్వారానే జనానికి తెలిసి, దేశంలోని అనేక నగరాలకు, విదేశాలకు వ్యాపించినది. యువకులకు చదువు మీద ఆసక్తి లేదనే మాటకు ఆ పచ్చిక మీదనే సమాధానం దొరుకుతుంది.

అదే పార్కులో శేషాద్రి అయ్యర్ స్మారక భవనంలో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉన్నది. ఎర్రని ఆ భవనం శతాబ్దం దాటినది. పచ్చిక మీద చదివేవారికి, ఆ భవనానికి మధ్య నడక దూరమే. ఆ దూరాన్ని తగ్గించడం గ్రంథాలయాలు చేయవలసిన పని. చదువరులు గుమికూడిన చోటికి వెళ్లి, 'మా వద్ద ఈ పుస్తకాలు ఉన్నవి, సభ్యత్వం ఇట్లా తీసుకోవచ్చు' అని చెప్పడానికి ఒక పోస్టు చాలు. తెలుగు పాఠకులు కూడా నెలకొక ఉదయం అట్లా ఒక చెట్టు క్రింద కూర్చుని, గ్రంథాలయంనుండి తీసుకున్న తెలుగు పుస్తకమే చేత పట్టుకుని, ఆ ఫొటోను గ్రంథాలయానికి పంపితే, కోరిక పత్రం వ్రాసిన దానికంటె ఎక్కువ పని జరుగుతుంది.

తెలుగుకు ప్రత్యేకంగా కావలసినవి

ఇక మన భాష విషయానికి వస్తున్నాను. నగరంలో తెలుగువారు ఒకే తీరు వారు కారు. కనీసం మూడు రకాల పాఠకులు ఉన్నారు. వారిని చేరే దారులు కూడా మూడు.

మొదటివారు తెలుగు చదవగలిగినవారు, కాని ఇక్కడి గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు ఉన్నవని తెలియనివారు. వీరికి కావలసినది అరను కళ్లకు చూపడం. కంప్యూటరు జాబితాలో తెలుగు పుస్తకం పేరు ఇంగ్లీషు అక్షరాలలో ఎక్కినప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క తీరుగా వ్రాస్తారు, వెతికితే దొరకదు. తెలుగు అరను వరుసగా ఫొటోలు తీసి నెలకొకసారి పెడితే, పుస్తకాల వెన్నుల మీది పేర్లే జాబితా అవుతవి. దానితోపాటు ఒక జాగ్రత్త అవసరం. ముఖ్య సమాచారాన్ని బొమ్మలోనే అచ్చువేసి వదలకూడదు. బొమ్మలో ఉన్న తెలుగు వెతుకులాటకు సరిగా చిక్కదు. చూపులేని పాఠకుని ఫోను దానిని సక్రమంగా చదివి వినిపించలేదు. అదే మాటను క్రింద యూనికోడ్ తెలుగులో టైపు చేస్తే ఇద్దరికీ అందుతుంది.

రెండవవారు ఇంట తెలుగు మాట్లాడుతూ, బడిలో కన్నడం, ఉద్యోగంలో ఇంగ్లీషు నేర్చినవారు. ఈ నగరంలోను, కోలారు వైపున, హోసూరు వైపున ఇట్లాంటి కుటుంబాలు లెక్కకు మిక్కిలి. వీరికి తెలుగు వినబడుతుంది, పలుకబడుతుంది, చదవబడదు. అయితే వీరికి ఒక గొప్ప సౌకర్యం ఉన్నది. తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలంనుండి విడివడిన తోబుట్టువులు. గుణింతం క్రమం ఒకటే, ఒత్తుల పద్ధతి ఒకటే, చాలా అక్షరాల ఆకారం దాదాపు ఒకటే. తలకట్టు తీరులో భేదం ఉన్నది. క, త వంటి కొన్ని అక్షరాలను వేరుగా గుర్తుపెట్టుకోవాలి. కన్నడం చదివే పిల్లవానికి తెలుగు లిపి కొన్ని వారాల పని. రోజుకొక అక్షరాన్ని రెండు లిపులలో ప్రక్కప్రక్కన చూపే పోస్టు ఒక శాఖా గ్రంథాలయం పెట్టగలిగిన అతి చవకైన భాషా పాఠం. అది ఇటు తెలుగు పిల్లలకు తెలుగును, అటు కొత్తగా వచ్చిన తెలుగువారికి కన్నడాన్ని నేర్పుతుంది. ఈ రాష్ట్రంలో బ్రతికే మనం కన్నడం నేర్చుకోవడం మర్యాద, అవసరం కూడా. గ్రంథాలయం ఆ రెండు పనులను ఒక్క పోస్టుతో చేయగలదు.

మూడవవారు ఏ లిపీ చదవలేనివారు. కట్టడపు పనులలో, ఇళ్లలో పనులలో ఉన్న ఎందరో తల్లిదండ్రులు ఈ తరగతిలోనివారే. వారికి వాట్సాప్‌లో తెలుగులో మాట్లాడిన చిన్న వాయిస్ మెసేజ్ పంపవచ్చు: 'అమ్మా, మీ వీధి చివర గ్రంథాలయం ఉన్నది. పిల్లలు సాయంత్రం వచ్చి కూర్చుని చదువుకోవచ్చు. ఎవరూ పొమ్మనరు.' చివరి వాక్యం ముఖ్యం. పెద్ద తలుపును, బల్ల వెనుక అధికారిని చూసి లోపలికి రావడానికే జంకేవారు చాలామంది. వారి భాషలో పిలిచిన గొంతు ఆ జంకును కొంత తీరుస్తుంది.

కథలు చదివి వినిపించడం మరొక మార్గం. 2020లో కరోనా వలన తలుపులు మూసుకున్నప్పుడు అనేక దేశాల గ్రంథాలయాలు ఫేస్‌బుక్, యూట్యూబ్‌లలో పిల్లలకు కథలు చదివి వినిపించినవి. మనం కూడా చేయవచ్చు, కాని గ్రంథస్వామ్యం తెలిసి చేయాలి. మన దేశంలో రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రచన మీద హక్కు ఉంటుంది. గురజాడ అప్పారావు గారు 1915లో, కందుకూరి వీరేశలింగం గారు 1919లో దివంగతులైనారు. కనుక 1910లో వచ్చిన 'దిద్దుబాటు' కథను ఎవరైనా చదివి వినిపించవచ్చు. నేటి రచయితల కథ అయితే అనుమతి అడగాలి. అడిగితే కాదనేవారు తక్కువ. ఇక్కడే మరొక మాట. వాట్సాప్ సమూహాలలో కొత్త తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు పంచుకోవడం భాషా సేవ అని కొందరు భావిస్తున్నారు. కొద్ది ప్రతులు మాత్రమే అమ్ముడయ్యే మన భాషలో అది రచయిత నోటి ముద్దను తీసివేయడమే. హక్కులు తీరిన పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేల సంఖ్యలో ఉచితంగా ఉన్నవి, తెలుగు వికీసోర్స్‌లో కూడా ఉన్నవి. వాటి దారి చూపడం గ్రంథాలయం చేయదగిన పని.

జాగ్రత్తలు

లాభాలు చెప్పి కష్టాలు చెప్పకపోవడం ధర్మం కాదు.

మొదటిది పాఠకుని గోప్యత. ఎవరు ఏ పుస్తకం చదివినారన్నది గ్రంథాలయం కాపాడవలసిన రహస్యం. వ్యాధిని గురించి, విడాకులను గురించి, అప్పులను గురించి చదివేవారు ఉంటారు. వాట్సాప్ సమూహంలో చేరిన ప్రతివాని ఫోను నంబరు మిగిలినవారికి తెలుస్తుంది; ఆడపిల్లలకు ఇది ఎంత ఇబ్బందో వేరుగా చెప్పనక్కరలేదు. 2023 నుండి అందుబాటులో ఉన్న వాట్సాప్ 'ఛానల్' పద్ధతిలో అనుసరించేవారి నంబర్లు ఒకరికొకరికి కనబడవు. ప్రకటనలకు అదే మేలు. పిల్లల ఫొటోలు పెట్టేముందు తల్లిదండ్రుల అనుమతి తప్పక తీసుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించినది.

రెండవది పరాధీనత. ఈ వేదికలు గ్రంథాలయాల సొంతం కావు, ప్రైవేటు కంపెనీలవి. మన పోస్టు ఎవరికి కనబడాలో, ఎవరికి కనబడకూడదో ఆ కంపెనీల లెక్కలు నిర్ణయిస్తవి. నేటి నియమం రేపు ఉండదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2010లో బహిరంగ ట్వీట్లన్నింటినీ భద్రపరచడానికి పూనుకొని, 2018 నుండి ఎంపిక చేసినవాటికే పరిమితమైనది. అంతటి సంస్థకే ఆ ప్రవాహాన్ని మొత్తంగా పట్టి ఉంచడం సాధ్యం కాలేదు. కనుక ముఖ్యమైన ప్రకటన గ్రంథాలయపు గోడ మీద, దాని సొంత వెబ్‌సైటులో కూడా ఉండాలి. పాఠకులు ఇచ్చిన పాత ఫొటోలు, జ్ఞాపకాలు గ్రంథాలయం వద్ద వేరుగా భద్రమై ఉండాలి.

మూడవది ఫోను లేనివారు. పత్రికల గదిలో రోజూ ఉదయం కూర్చునే వృద్ధులలో ఇన్‌స్టాగ్రామ్ తెలిసినవారు ఎందరు? వారికి నోటీసు బోర్డే సామాజిక మాధ్యమం. ఆ బోర్డు మీద కన్నడంతోపాటు ఒక తెలుగు కాగితం ఉంటే చాలు.

నాలుగవది సిబ్బంది భారం. తలుపు తీసేవారు, పుస్తకాలు సర్దేవారు, సభ్యత్వం వ్రాసేవారు ఒక్కరే అయిన శాఖలో రోజుకు మూడు పోస్టులు పెట్టమనడం న్యాయం కాదు. వారానికి రెండు చాలు, కాని వారం తప్పకూడదు. తెలుగులో టైపు చేసి, తప్పులు దిద్దే పనికి పాఠకులే చేయి అందించాలి. ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు అన్న తుది నిర్ణయం మాత్రం గ్రంథపాలకునిదే.

మనం చేయవలసినది

గ్రంథాలయం దయాదానం కాదని ముందుగా గుర్తించాలి. కర్ణాటక సార్వజనిక గ్రంథాలయాల చట్టం 1965లో వచ్చినది. దాని ప్రకారం ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. అది ఆస్తిపన్నులో నూటికి 6 వంతు. తమిళనాట అది నూటికి 10, ఆంధ్రప్రదేశ్‌లో 8. మాది అద్దె ఇల్లు కదా అని మీరు అనవచ్చు. ఇంటి యజమాని కట్టే పన్ను మీ అద్దెలో కలిసే ఉన్నది. అంటే ఈ నగరపు గ్రంథాలయాలను పోషిస్తున్నవారిలో మీరు కూడా ఉన్నారు. అడగడానికి మొగమాటం అక్కరలేదు.

కనుక నాలుగు పనులు చెప్పి ముగిస్తాను. ఈ వారంలోనే మీ వార్డు గ్రంథాలయంలో ఇంటిల్లిపాది పేర సభ్యత్వం తీసుకోండి. కర్ణాటక ప్రభుత్వం 2020లో మొదలుపెట్టిన డిజిటల్ గ్రంథాలయంలో కూడా పేరు నమోదు చేసుకోండి. నెలకు ఒక్క తెలుగు పుస్తకమైనా ఇంటికి తీసుకుపొండి, ఎందుకంటే రిజిస్టరులో ఎక్కిన పేరే మన ఉనికికి సాక్ష్యం. గ్రంథాలయపు పేజీని అనుసరించి, కావలసిన పుస్తకం పేరును, రచయిత పేరును, ప్రచురణకర్త పేరును మర్యాదగా వ్రాయండి. 'తెలుగు పుస్తకాలు పెట్టండి' అనే మాటకంటె ఒక పుస్తకం పేరు ఎక్కువ పని చేస్తుంది. ఆ కోరికను కన్నడంలో కూడా ఒక వాక్యం వ్రాయండి, చదివే అధికారికి సులభమవుతుంది, మన నగరానికి గౌరవమవుతుంది.

గ్రంథాలయ సిబ్బందికి నా మనవి ఒక్కటే. ఎవరైనా పాఠకుడు తెలుగులో ప్రశ్న వేస్తే తెలుగులో ఒక్క ముక్క జవాబు వ్రాయించండి. పుస్తకం లేకపోతే లేదనే వ్రాయండి. తన ప్రశ్నను ఎవరో చదివినారని తెలిసిన పాఠకుడు మళ్లీ అడుగుతాడు. మళ్లీ అడిగేవారు ఉన్నంతకాలం ఆ అర ఖాళీ కాదు.